అంతర్జాలపు ఉగ్రాణము

ఒక కళాశాలలో 40 కంప్యూటర్లు గల గది యొకటి యున్నదనుకొందము. అధ్యాపకుడు ఒక పుట పేరు చెప్పి దానిని తెరచి చూడుడనును. ఆ పుట యున్న యంత్రము సముద్రముల కావల నెచ్చటనో కలదు. విద్యార్థు లందరును ఒక్కసారిగా దాని నడుగుదురు. కళాశాలకును వెలుపలి ప్రపంచమునకును నడుమ నున్నది ఒక్కటే తీగ. ఆ తీగమీద అదే పుట, అవే బొమ్మలు, అవే అక్షరములు 40 మారులు నడచి రావలసియుండును. తీగ సన్ననిదైనచో కడపటి విద్యార్థికి పుట చేరునప్పటికి బడిగంట కొట్టుదురు. మొదటివానికై వచ్చిన పుటకు ఒక నకలు తీసి గదిలోనే యొకచోట దాచినయెడల తక్కిన 39 ప్రయాణములు తప్పును గదా యను నాలోచన యెవరికైనను కలుగును. ఈ దాచు పనికై నియమింపబడిన మధ్యవర్తి యంత్రమునే క్యాషింగ్ ప్రాక్సీ సర్వరందురు. ప్రాక్సీ యనగా ఒకరికి బదులుగా పోయి పని చక్కబెట్టుకొని వచ్చువాడు. క్యాష్ అనగా నిచట రొక్కము కాదు. చెవికి రెండును ఒక్కటిగానే వినబడును గాని యిది వేఱొక మాట. మరల కావలసివచ్చునని దాచిన నిలువ అని దీని యర్థము. మన యిండ్లలో ఉగ్రాణపు గది చేయు పని యిదియే.

శ్రోతలారా! నేను నేడు చెప్పదలచినది, ఇట్టి ఉగ్రాణమును స్క్విడ్ అను ప్రోగ్రాముతో కమాండు లైనునుండి నడుపు విధము. కమాండు లైనునుండి యనగా, తెరమీది బొమ్మలను నొక్కక, కీబోర్డుపై ఆజ్ఞలను అక్షరములలో వ్రాసి నడుపుట. ఇందు యంత్రజ్ఞానము కొంత యున్నది గాని, గృహస్థునకు కావలసిన వివేకము అంతకంటె నెక్కువగా నున్నది. ఎవరిని లోనికి రానీయవలెనో, దాచిన సరకును ఎన్నాళ్లు మంచిదని నమ్మవలెనో, ఎవరేమి తీసికొనిపోయిరో తెలుపు చిట్టాను ఎవరు చూడవచ్చునో యంత్రము తనంత తాను నిర్ణయింపజాలదు. నడుపువాడు నిర్ణయింపవలెను.

ముందుగా దీని పుట్టుక. వెబ్‌నకు జన్మస్థానమైన జెనీవా చెంతగల సెర్న్ పరిశోధనాలయమున, 1994 నాటికే ఆరి లుయొటోనెన్ అను నతడు అచ్చటి సర్వరునకు నకళ్లు దాచు శక్తిని కూర్చెను. పిమ్మట అమెరికాలో హార్వెస్ట్ అను నొక పరిశోధన సాగెను. కొలరాడో విశ్వవిద్యాలయము, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము అందు పాల్గొనినవి. ఆ పరిశోధన ముగిసినతోడనే దాని ఉగ్రాణభాగమునుండి రెండు కొమ్మలు చీలెను. ఒకటి వర్తకుల సరకయ్యెను. రెండవదానిని డ్వేన్ వెసెల్స్ అను నతడు అచ్చటి జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానమువారి ద్రవ్యసాహాయ్యముతో పెంచి, 1996 జూలైలో స్క్విడ్ అను పేర లోకమున కుచితముగా నొసగెను. స్క్విడ్ అనునది ఒక సముద్రజీవి పేరు. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్‌వారు సామాన్యజనులకు అంతర్జాలమును తెరచినది 1995 ఆగస్టు 15వ తేదిన. అనగా మనకు తీగలు వచ్చుటయు, వానిపై భారము తగ్గించు నుపాయము పుట్టుటయు ఇంచుమించు ఒక్క కాలముననే జరిగినవి. టెలిఫోను తీగపై పుట ఒక్కొక్క గీతగా దిగుచుండగా వేచియున్న నాటివారికి ఈ ఉగ్రాణపు విలువ వేఱుగా చెప్పనక్కరలేదు.

ఇక పని జరుగు తీరు. విద్యార్థి కంప్యూటరు తన కోరికను నేరుగా దూరదేశమునకు పంపక, స్క్విడ్ కాచుకొనియున్న ద్వారమునకు పంపును. ఆ ద్వారమునకు పోర్టని పేరు. దాని సంఖ్య వాడుకగా 3128. స్క్విడ్ తన నిలువలో వెదకును. దొరికి, అది నమ్మదగినదైనచో వెంటనే యిచ్చును. దీనిని హిట్ అందురు. దొరకనిచో తానే పోయి తెచ్చి, ఒక ప్రతిని అడిగినవానికిచ్చి, తగినదైనచో మరియొక ప్రతిని దాచుకొనును. ఇది మిస్.

నమ్మదగినదైనచో నంటిని. చిక్కంతయు నచటనే యున్నది. పచ్చడి జాడీ మీద తేది వ్రాసియుండదు. మూత తీసి వాసన చూచి తెలిసికొందుము. పుటకు వాసన లేదు. కొన్ని పుటలతో పాటు వానిని పంపిన సర్వరు, ఇది ఇంతకాలము చెల్లునని స్పష్టముగా వ్రాసి పంపును. అట్లున్నచో తగవు లేదు. పెక్కు పుటలకు అట్టి వ్రాత యుండదు. ఆ పుట కడపట మార్చబడిన తేది మాత్రముండును. అప్పుడు స్క్విడ్ చేయు లెక్క మన పెద్దలు మనుష్యులను తూచెడు లెక్కను పోలియుండును. చాలకాలముగా మారనిది ఇంక కొంతకాలము మారకుండునని దాని తలంపు. ఆ కొంతకాల మెంత యను దానిని రిఫ్రెష్ ప్యాటర్న్ అను పంక్తిలో మనము వ్రాయుదుము. తొలుత ప్రోగ్రాముతో వచ్చెడు పంక్తిలో సున్న, నూటికి 20, 4320 అను మూడు సంఖ్య లుండును. మొదటిదియు కడపటిదియు నిమిషములు. 4320 నిమిషములనగా మూడు దినములు.

ఉదాహరణము చూడుడు. ఒక పుట మార్చబడి పది దినములైన పిమ్మట మన ఉగ్రాణమునకు వచ్చినది. పదింట నూటికి 20 వంతున రెండు దినములు. కావున రెండు దినములవరకు స్క్విడ్ ఎవరినీ అడుగక ఆ నకలునే యిచ్చుచుండును. వేఱొక పుట మార్చబడి నూరు దినములైనది. లెక్కప్రకారము 20 దినములు చెల్లవలెను. కాని మూడు దినముల గరిష్ఠపరిమితి యున్నది గనుక అచ్చటనే ఆగును. గడువు దాటినంతమాత్రమున స్క్విడ్ నకలును పారవేయదు. అసలు సర్వరునొద్దకు పోయి, ఫలాని తేది తరువాత ఇది మారినదాయని యడుగును. మారలేదనుటకు 304 అను సంఖ్య ప్రత్యుత్తరముగా వచ్చును. పుట యంతయు తిరిగి రానక్కరలేదు. ఆ చిన్న మాట చాలును. ఈ యేర్పాటును మొదట చదివినప్పుడు నాకు కలిగిన యానందము తక్కువది కాదు. తీగపై నడచినది ఒక చిన్న జాబు. తప్పినది పెద్ద మూట.

ఆశపడి ఈ సంఖ్యలను పెంచువారున్నారు. మూడు దినములను ముప్పది చేసినచో హిట్లు పెరుగునని వారి యూహ. పెరుగును. పరీక్షా ఫలితములు నిన్ననే మారియుండగా మొన్నటి పట్టికను చూచి ఏడ్చు విద్యార్థియు పెరుగును. పాతదానిని క్రొత్తదని యిచ్చుటకంటె ఆలస్యముగా నైనను నిజమును ఇచ్చుట మేలని నా యభిప్రాయము.

డెబియన్ అను లినక్సులో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్క్విడ్ అను మూడు మాటలతో ఇది యంత్రమున ప్రవేశించును. దీని నియమములన్నియు ఈటీసీ అను స్థలమున స్క్విడ్ అను సంచిలో స్క్విడ్ డాట్ కాన్ఫ్ అను నొక్క ఫైలులో నుండును. అది మామూలు అక్షరముల ఫైలు. చదువ నేర్చినవాడెవడైనను చదువవచ్చును. కమాండు లైనును నేను మెచ్చుకొనుటకు ముఖ్యకారణ మిదియే. సర్వరు తరచుగా తెరయే లేని యంత్రము. ఎచ్చటనో మూలగదిలో నుండును. దానికి దూరమునుండి అక్షరములనే పంపగలము. అదియుగాక, వ్రాసిన ఆజ్ఞను పుస్తకమున కెక్కించుకొని, రేపు మరియొకనిచే నదేరీతిగ చేయింపవచ్చును. బొమ్మను నొక్కిన వ్రేలు ఏమి చేసెనో ఎవరికిని జ్ఞాపకముండదు.

నియమముల ఫైలును మార్చిన పిమ్మట మొదట వ్రాయవలసిన ఆజ్ఞ యొకటి కలదు. స్క్విడ్ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఒక చిన్న అడ్డగీతయు దానికంటి కె అను ఆంగ్లాక్షరమును వ్రాసి, మరల ఖాళీ విడిచి, పార్స్ అని వ్రాయవలెను. అంతట స్క్విడ్ ఆ ఫైలును చదివి, తప్పులున్నచో ఏ పంక్తిలో నున్నవో చెప్పును. నడచుచున్న పనికి భంగము రాదు. తప్పు లేదని తేలిన తరువాతనే, పార్స్ అను మాట స్థానమున రీకాన్ఫిగర్ అని వ్రాయవలెను. అప్పుడు క్రొత్త నియమము లమలులోనికి వచ్చును. మొదటిదానిని మాని రెండవదానికి ఉరుకుట పలువురి యలవాటు. నడచుచున్న సర్వరు మీద నలుబదిమంది ఆధారపడియున్నప్పుడు అట్టి తొందర తగదు. చెక్ అను మాట వ్రాసిన, స్క్విడ్ ప్రాణముతో నున్నదో లేదో తెలియును. ఏమియు తోచనప్పుడు, పెద్ద అక్షరముగా ఎన్ అనియు, డి ప్రక్కన ఒకటి అనియు గీతలతో చేర్చి పిలిచినచో, అది తెరవెనుకకు పోక మన యెదుటనే నిలిచి తన కష్టములను చెప్పుకొనును.

ఆ ఫైలులో కడు జాగ్రత్తతో వ్రాయవలసినవి హెచ్‌టీటీపీ యాక్సెస్ అను పంక్తులు. ఎవరికి అనుమతి, ఎవరికి నిషేధము అనునది వీనివలన తేలును. స్క్విడ్ వీనిని పైనుండి క్రిందికి చదువును. సరిపడిన మొదటి పంక్తియొద్దనే ఆగి, అది చెప్పినట్లు చేయును. క్రింద నెన్ని నిషేధము లున్నను, పైన అందరకు అనుమతి యని యొక పంక్తి పడినచో తక్కినవి వ్యర్థములు. ఇంకొక విచిత్రము వినుడు. ఏ పంక్తియు సరిపడనప్పుడు, కడపటి పంక్తికి విరుద్ధమైనదానిని స్క్విడ్ గ్రహించును. కడపటిది ఒకనికి నిషేధమైనచో, పేరు చెప్పని వారందరకు అనుమతి యయ్యెనన్నమాట! కావున తుదిని అందరకును నిషేధమను పంక్తిని వ్రాయుట విధి. అనగా ఆంగ్లమున డినై ఆల్.

ఈ విధిని మరచిన ఉగ్రాణమునకు లోకములోని అపరిచితులందరు యజమానులగుదురు. ఓపెన్ ప్రాక్సీలను వెదకుటయే పనిగా తిరుగు ప్రోగ్రాములు అంతర్జాలమున కలవు. వాని కొకటి దొరికినయెడల, ఎవడో చేసిన దుష్కార్యమునకు అడుగుజాడలు మన గుమ్మముకడకు వచ్చి ఆగును. విచారించువారికి కనబడునది మన కళాశాల చిరునామాయే. అందుచేత మన గదిలోని చిరునామాలకు మాత్రము అనుమతి నిచ్చి, 3128 ద్వారము వెలుపలివారికి కనబడకుండ ఫైర్‌వాల్ అను గోడను కూడ పెట్టవలెను.

స్థలమును గూర్చి క్లుప్తముగా చెప్పుదును. తొలుత ప్రోగ్రాముతో వచ్చు ఫైలులో, నకళ్లను డిస్కుమీద దాచు పంక్తి పనిచేయని స్థితిలో నుండును. నిలువ యంతయు మెమరీలోనే జరుగును. యంత్ర మాగిన నది పోవును. డిస్కుమీద దాచదలచినవారు క్యాష్ డిర్ అను పంక్తిని మేల్కొలుపవలెను. అందు 100, 16, 256 అని యుండును. 100 మెగాబైట్ల స్థలము; 16 పెద్ద అరలు; ఒక్కొక్కదానిలో 256 చిన్న అరలు; మొత్తము 4096 చిన్న అరలు. ఈ అరలను కట్టించుటకు స్క్విడ్ అని వ్రాసి అడ్డగీతతో జెడ్ అను అక్షరమును చేర్చిన చాలును. 100 మెగాబైట్లు నేటికి పిడికెడు గింజలు, పెంచుకొనవలసినదే. కాని డిస్కుమీద నున్న ప్రతి గిగాబైటునకు, ఏది యెచ్చటనున్నదో గుర్తుంచుకొనుటకై స్క్విడ్‌నకు సుమారు 14 మెగాబైట్ల మెమరీ కావలెను. 100 గిగాబైట్లు దాచగోరువాడు 1400 మెగాబైట్లను ఆ జ్ఞాపకమునకే విడువవలెను. దీనిని మరచి పెద్ద డిస్కు కొన్నవాని యంత్రము ఊపిరాడక నిలిచిపోవును.

ఇప్పుడు చిట్టా. స్క్విడ్ తనకు వచ్చిన ప్రతి కోరికను యాక్సెస్ డాట్ లాగ్ అను ఫైలులో ఒక పంక్తిగా వ్రాయును. టెయిల్ అను ఆజ్ఞను, అడ్డగీతయు ఎఫ్ అను అక్షరమును చేర్చి, ఆ ఫైలు పేరుతో వ్రాసిన, క్రొత్త పంక్తులు పడుచుండగనే చూడవచ్చును. మొదట కాలము, ఇది 1970 జనవరి 1వ తేది మొదలు గడచిన సెకండ్ల లెక్క. పిదప పట్టిన కాలము మిల్లీసెకండ్లలో, అడిగిన యంత్రపు చిరునామా, ఫలితము, బైట్ల లెక్క, కోరిన పుట. టీసీపీ మిస్ అని యొకమారు పడి, అదే పుటకు మరల టీసీపీ మెమ్ హిట్ అని పడుట చూచినవానికి ఉగ్రాణము పనిచేయుచున్నదని వేఱు సాక్ష్యము అక్కరలేదు. టీసీపీ డినైడ్, దాని ప్రక్క 403 అని పడినచో మన అనుమతి పంక్తులు ఎవరినో ఆపినవని యర్థము.

ఈ చిట్టా మామూలు కిరాణా చిట్టావంటిది కాదు. ఎవరు ఏ రోగమునుగూర్చి చదివిరో, ఏ యుద్యోగమునకై వెదకిరో, అర్ధరాత్రము దేనిని చూచిరో ఇందు పడియుండవచ్చును. విద్యార్థి తన తల్లికిని చెప్పని సంగతిని ఈ ఫైలు ఎరుగును. స్క్విడ్‌ను వ్రాసినవారు దీనిని గుర్తించియే, చిరునామాలో ప్రశ్నార్థక చిహ్నము తరువాతి భాగమును చిట్టాలో వ్రాయకుండ ముందే యేర్పాటు చేసిరి. క్లయింట్ నెట్‌మాస్క్ అను పంక్తితో, అడిగిన యంత్రపు చిరునామాలో కడపటి భాగమును సైతము మరుగుపరుపవచ్చును. రొటేట్ అను ఆజ్ఞ చిట్టాను మార్చి క్రొత్త పుస్తకము నెత్తించును. మామూలుగా పాతవి పది నిలిచి, అంతకు ముందటివి నశించును. పదియు నిలుపవలెనా యని ప్రతి నిర్వాహకుడును ఆలోచింపవలెను. లోపమును కనిపెట్టుటకు ఒక వారపు చిట్టా చాలునని నేనందును. ఉగ్రాణము నడుచుచున్నదనియు, చిట్టా వ్రాయబడుచున్నదనియు ఆ గదిలో కూర్చుండు వారికి ముందుగా తెలుపుట కనీసధర్మము.

కాలము మారినది. ఈనాటి వెబ్‌లో అధికభాగము హెచ్‌టీటీపీఎస్ అను మార్గమున, అనగా గుప్తలిపిలో నడచును. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఉచిత ప్రమాణపత్రములను అందరకు నిచ్చుట మొదలుపెట్టిన పిమ్మట ఈ మార్పు మరింత వేగము పొందెను. ఇట్టి పుట కోరినప్పుడు స్క్విడ్ ఒక సొరంగమును మాత్రము తెరచును. లోపల నడచునది దానికి కనబడదు, కనబడనిదానిని దాచలేదు. ఏ ఊరికి పోయెనో చిట్టా చెప్పును గాని, ఏ యింటికి పోయెనో చెప్పజాలదు. చదువరి గుట్టునకు ఇది మేలు, ఉగ్రాణమునకు నష్టము. గుప్తలిపిని నడుమ విప్పి, చదివి, మరల ముడివేసి పంపు విద్యయు స్క్విడ్‌నకు కలదు. దానికై ప్రతి కంప్యూటరును మన ప్రమాణపత్రమును నమ్మునట్లు చేయవలెను. జాబులు మోయువాడు కవరు చింపి చదివి మరల నంటించుటవంటి దిది. కొన్ని బైట్ల ఆదాకై ఈ పని చేయరాదని నేను గట్టిగా చెప్పుదును.

అట్లయిన ఈ ప్రోగ్రామునకు నేడు పని యేమి యని యడుగవచ్చును. కలదు. డెబియన్ ప్యాకేజీలు నేటికిని సాదా హెచ్‌టీటీపీ మార్గమున దొరకును. వానిపై నుండు సంతకములు గల పట్టికలవలన, మార్గమధ్యమున ఎవడైనను మార్చినయెడల యంత్రమే పట్టుకొనును. 40 యంత్రములకు ఒకే నవీకరణము పెట్టవలసిన దినమున ఉగ్రాణము తన పూర్వవైభవమును చూపును. కాని యొక మెలకువ: డిస్కుమీద దాచు వస్తువునకు మామూలు పరిమితి 4 మెగాబైట్లు. ప్యాకేజీలు పెక్కులు అంతకంటె పెద్దవి. మాగ్జిమమ్ ఆబ్జెక్ట్ సైజ్ అను పంక్తిలో ఆ పరిమితిని పెంచి, దానిని క్యాష్ డిర్ పంక్తికి పైన నుంచవలెను. లేనిచో ఉగ్రాణము ఖాళీగా నుండి, నిర్వాహకుడు వృథాగా తలపట్టుకొనును. ఇదే పద్ధతిని మిక్కిలి పెద్దయెత్తున వాడుచున్నది ఎవరనుకొందురు? సెర్న్‌వారే. వారి మహాయంత్రపు ప్రయోగములకు కావలసిన ప్రోగ్రాములు లోకమందలి పెక్కు కంప్యూటరు కేంద్రములకు సీవీఎంఎఫ్ఎస్ అను ఏర్పాటుద్వారా పోవును; ఆ కేంద్రముల గుమ్మములయందు నకళ్లను కాచుచున్నది స్క్విడ్. అచ్చటను సరకు సంతకముతోనే నడచును గాన, నడుమనున్న ఉగ్రాణమును ఎవరును నమ్మనక్కరలేదు.

నమ్మకమను మాట వచ్చినది గనుక మరియొకటి. 2021లో ఒక పరిశోధకుడు స్క్విడ్‌ను పరీక్షించి 55 భద్రతాలోపములను కనుగొనెను. 2023 అక్టోబరులో ఆయన వానిని ప్రకటించునప్పటికి 35 ఇంకను సరిదిద్దబడలేదు. నిర్లక్ష్యమని కొందరు నిందించిరి. దీనిని పోషించువారు బహుకొద్దిమంది, స్వచ్ఛందముగా పనిచేయువారు. ఉచితముగా తీసికొన్న మనము వారికిచ్చినదేమియని ముందు ప్రశ్నించుకొనవలెను. ఏదియైనను, పాత స్క్విడ్‌ను వెలుపలి లోకమునకు కనబడునట్లుంచుట అపాయకరము. స్క్విడ్ అని వ్రాసి గీతతో వి చేర్చిన, మీయొద్ద నున్నది ఏ సంచికయో అది చెప్పును. నెలకొకమారైనను చూచి నవీకరింపుడు.

సెలవులకు కళాశాల మూయునప్పుడు యంత్రపు మీట నొక్కి పోవలదు. షట్‌డౌన్ అను మాటతో పైరీతినే ఆజ్ఞ వ్రాయుడు. అంతట స్క్విడ్ క్రొత్తవారిని రానీయక, లోపలనున్నవారి పని ముగియుటకై మామూలుగా 30 సెకండ్లు ఓపికపట్టును. ఏమియు జరుగుటలేదని తొందరపడి దానిని బలవంతముగా చంపువారున్నారు. అట్లు చేసినచో తన నిలువలను గూర్చిన ఆవర్జాను అది శుభ్రముగా ముగింపలేదు. మరల లేచినప్పుడు అరలన్నియు తడవి చూచుకొనవలసివచ్చును. నిలువ పెద్దదైనచో దానికి చాలసేపు పట్టును. కాచుకొనవలసినది అర నిమిషము మాత్రమే.